కొట్టం కాచే కుక్క తూలి పడిపోతే: మూడు రోజుల ఓర్పు, మూడు వారాల సేవ

సభ్యుల శిక్షణ పాఠం



మన పాల సంఘాల్లో పాడి పశువుకు ఒక లెక్క ఉంది. ఈనిన తేదీ, కట్టించిన తేదీ, పూటకు ఎన్ని లీటర్లు, వెన్న శాతం ఎంత అన్నీ ఎక్కడో ఒకచోట రాసి ఉంటాయి. కాని రాత్రంతా కొట్టం గుమ్మంలో పడుకొని, నక్క వచ్చినా దొంగ వచ్చినా మొదట లేచే కుక్కకు ఏ రిజిష్టరులోనూ పద్దు లేదు. అది బాగున్నంత కాలం దాని ఊసు మనకు పట్టదు. ఒకనాడు తెల్లవారి పాలు పితకడానికి వెళ్లేసరికి ఆ కుక్క లేవబోయి ఒక పక్కకు పడిపోతుంది. తల వంకరగా వాలిపోయి ఉంటుంది. కళ్లు పక్కకు కొట్టుకుంటూ ఉంటాయి. నోట చొంగ కారుతుంది. అప్పుడు చుట్టూ చేరినవారు మూడు మాటల్లో ఒకటి అంటారు. ఒకరు పక్షవాతం అంటారు. మరొకరు విషం తిన్నదంటారు. ఇంకొకరు పిచ్చెక్కింది, కర్రలు తెమ్మంటారు.

ఈ మూడూ కాక నాలుగో కారణం ఒకటుంది. అది చెవి లోపల ఉండే తూకపు యంత్రం చెడిపోవడం. ముసలి కుక్కల్లో ఇలా హఠాత్తుగా పడిపోవడానికి తరచుగా కనిపించే కారణం ఇదే. చూడడానికి భయంకరంగా ఉంటుంది గాని, సరిగా చూసుకుంటే ఇలాంటి కుక్కల్లో ఎక్కువ భాగం రెండు మూడు వారాల్లో మళ్లీ నడుస్తాయి. ఈ సంగతి తెలియక బతికే కుక్కను చంపుకోవడం ఒక నష్టం. నిజంగా పిచ్చి పట్టిన కుక్కను ఇదేనని పొరబడి ముట్టుకోవడం అంతకు మించిన నష్టం. ఈ రెండు నష్టాలూ తప్పించుకోవడానికే ఈ పాఠం. ఈ వ్యాసకర్త పశువైద్యుడు కాదు, సహకార శాఖ ఉద్యోగి. కాబట్టి సభ్యుడు తన ఇంటి దగ్గర చేయదగిన పనినే ఇక్కడ వివరించడం జరిగింది. మందు రాయడం డాక్టరుగారి పని.

1. చెవిలోని రసమట్టం

గోడ కట్టే మేస్త్రీ దగ్గర రసమట్టం ఉంటుంది. అందులో బుడగ కదిలితే గోడ వాలిందని తెలుస్తుంది. దేవుడు ప్రతి జంతువుకూ రెండు రసమట్టాలు ఇచ్చాడు, కుడి చెవిలో ఒకటి, ఎడమ చెవిలో ఒకటి. పైకి కనబడే చెవి దాటి, కర్ణభేరి దాటి, ఇంకా లోపల ఎముకలో ఇవి ఉంటాయి. ఒక్కొక్క చెవిలో అర్ధవృత్తాకారపు సన్నని గొట్టాలు మూడేసి ఉంటాయి. వాటి నిండా నీరు వంటి ద్రవం ఉంటుంది.

ఇది పని చేసే తీరు పాలు పోసే వారికి సులభంగా అర్థమవుతుంది. సగం పాలున్న క్యానును బండి మీద పెట్టి బండిని ఒక్కసారి ముందుకు లాగండి. క్యాను కదులుతుంది, లోపలి పాలు మాత్రం వెనకబడి క్యాను గోడకు కొట్టుకుంటాయి. తల తిప్పినప్పుడు చెవి గొట్టాల్లో జరిగేదీ ఇదే. గొట్టం తిరుగుతుంది, ద్రవం వెనకబడుతుంది, అది లోపలున్న సన్నని రోమాలను వంచుతుంది. ఆ వంపు కబురును ఒక నరం మెదడుకు చేరవేస్తుంది. తల ఎటు తిరిగిందో మెదడుకు అలా తెలుస్తుంది.

తల కదలకుండా ఉన్నప్పుడు కూడా రెండు చెవులూ సమానంగా కబురు పంపుతూనే ఉంటాయి. సంఘంలో మన తూకం, చిల్లింగ్ సెంటరులో వారి తూకం, రెండూ కలిస్తేనే ఖాతా సరిపోయిందంటాము. అలాగే రెండు చెవుల లెక్కా కలిస్తేనే మెదడు ‘నిలకడగా ఉన్నాను’ అనుకుంటుంది. ఎడమ చెవి కబురు ఆగిపోయిందనుకోండి, కుడి చెవి లెక్క ఒక్కటే వస్తుంది. నిలబడి ఉన్న కుక్క మెదడుకు తాను కుడివైపు గిర్రున తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. దాన్ని సరిదిద్దుకోబోయి శరీరం ఎడమకు పడుతుంది. తల ఎడమకు వాలుతుంది. కనుగుడ్లు మెల్లగా ఎడమకు జరిగి, టక్కున కుడికి తిరిగి వస్తూ ఉంటాయి. సాధారణంగా తల ఎటు వాలితే చెడిన చెవి అటే అని గుర్తు.

ఈ సంగతిని మనుషుల్లో రుజువు చేసినవారు వియన్నా నగరానికి చెందిన రాబర్ట్ బరానీ అనే చెవి వైద్యుడు. రోగుల చెవులు కడిగేటప్పుడు చల్లని నీళ్లు పోస్తే కళ్లు ఒక వైపు, వేడి నీళ్లు పోస్తే రెండో వైపు కొట్టుకోవడం, తల తిరగడం ఆయన గమనించారు. నీటి వేడిమికి లోపలి ద్రవం కదులుతుందని తేల్చారు. 1914వ సంవత్సరపు వైద్య నోబెల్ బహుమతి ఆయనకు లభించింది. ఆ బహుమతి కబురు అందేనాటికి ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా వారి చేతిలో బందీగా ఉన్నారు. కుక్క చెవిలో తోచిన నీళ్లు, నూనెలు పోయకూడదని కింద చెప్పబోయే మాటకు ఈ పరిశోధన కూడా ఒక ఆధారం.

2. గుర్తించడం ఎలా

ముసలి కుక్కకు ఈ జబ్బు వచ్చినప్పుడు కనిపించే లక్షణాలు ఇవి.

(అ) రాత్రి బాగున్న కుక్క తెల్లవారేసరికి తూలుతుంది. గంటల్లోనే ముదురుతుంది.
(ఆ) తల ఒక పక్కకు వాలి ఉంటుంది. ఎప్పుడూ ఒకే పక్కకు పడుతుంది. లేచి నడిస్తే గానుగెద్దులా ఒకే వైపు గుండ్రంగా తిరుగుతుంది. మరీ తీవ్రమైతే నేల మీద దొర్లుతుంది.
(ఇ) కనుగుడ్లు పక్కకు టకటక కొట్టుకుంటాయి.
(ఈ) వికారం వల్ల చొంగ కారుస్తుంది, వాంతి చేసుకుంటుంది, తిండి ముట్టదు. బస్సు ప్రయాణం పడని మనిషికి ఉండే బాధ వంటిదే ఇది.
(ఉ) ఇంత జరిగినా యజమానిని గుర్తుపడుతుంది. పిలిస్తే తోక ఆడిస్తుంది. నాలుగు కాళ్లలోనూ బలం ఉంటుంది, నిలకడ మాత్రమే ఉండదు.

చివరి లక్షణం ముఖ్యమైనది. పక్షవాతంలో కాలు చచ్చుబడుతుంది. ఇక్కడ కాలికి బలం ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియదు. కాబట్టి ఇది పక్షవాతం కాదు.

3. పిచ్చి కుక్క అవునా, కాదా

ఇది ప్రాణాలతో కూడిన ప్రశ్న. నిదానంగా చదవగలరు.

రేబిస్ అనే పిచ్చికుక్క వ్యాధిలో మొదట కుక్క నడవడి మారుతుంది. కలుపుగోలుగా ఉండే కుక్క చీకటి మూల దాక్కుంటుంది, లేదా ఊరక మీద పడుతుంది. కర్ర, రాయి ఏది దొరికితే అది కొరుకుతుంది. మొరుగుడు బొంగురుపోతుంది. మింగలేదు. ‘మూగ’ రకంలో కొరకడం ఉండదు. దవడ వేలాడుతుంది, చొంగ కారుతుంది, కాళ్లు పట్టు తప్పుతాయి. గొంతులో ఎముక ఇరుక్కుందనుకొని నోట్లో చెయ్యి పెట్టేవారు ఈ రకం దగ్గరే మోసపోతారు. ఏ రకమైనా జబ్బు రోజురోజుకూ ముదురుతుంది. లక్షణాలు కనిపించిన కుక్క సాధారణంగా పది రోజుల్లోపు చనిపోతుంది. చెవి జబ్బు మాత్రం మొదటి రోజే శిఖరానికి చేరి, మూడో రోజు నుండి దిగుతుంది.

అయినా ఒక హెచ్చరిక. చొంగ రెండింటిలోనూ ఉంటుంది, తూలడమూ రెండింటిలోనూ ఉండవచ్చు. చూసినంత మాత్రాన తేల్చుకోవడం మన వల్ల కాదు. అందుచేత నిర్ణయం కుక్క ముఖం చూసి కాదు, దాని టీకా కార్డు చూసి మొదలుపెట్టాలి. ఏటేటా రేబిస్ టీకా వేయించిన ఇంటి కుక్క, ఎవరినీ కరవలేదు, మనిషిని గుర్తుపడుతోంది అంటే, జాగ్రత్తగా దగ్గరకు వెళ్లి సేవ చేయవచ్చు. టీకా లేదు, లేక ఈ మధ్య మరో కుక్క కరిచింది, లేక ఎక్కడిదో తెలియని కుక్క అంటే, వట్టి చేతులతో ముట్టుకోకూడదు. పిల్లలను, పశువులను దూరం పెట్టి, తలుపున్న చోట విడిగా ఉంచి పశువైద్యశాలకు కబురు చేయాలి. కర్రలతో కొట్టి చంపడం వల్ల చొంగ, రక్తం చిందుతాయి, కొట్టేవారే గాయపడతారు. జంతువులను హింసించడం 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

కుక్క కరిచినా, గాయం మీద చొంగ పడినా, వెంటనే సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాల పాటు కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు అనే భయం ఇంకా కొందరిలో ఉంది. గొర్రె మెదడుతో తయారైన ఆ పాత మందు మన దేశంలో 2005 నాటికే నిలిచిపోయింది. ఇప్పుడు కొద్ది ఇంజెక్షన్లు చేతికే వేస్తారు. డాక్టరు చెప్పిన తేదీలు తప్పకూడదు.

టీకా కార్డు విలువ ఎంతటిదో ఒక ఉదాహరణ. తనిఖీకి వెళ్లిన ఒక గ్రామ సంఘంలో పాల కేంద్రం పక్క ఇంటి కుక్క, పన్నెండేళ్లది, తెల్లవారుజామున క్యాన్ల మధ్య పడి దొర్లింది. పాలు పోయడానికి వచ్చిన వారంతా వెనక్కు తగ్గారు. ఇద్దరు కర్రలు తెచ్చారు. ఆ ఇంటి ఇల్లాలు లోపలికి వెళ్లి, సంఘం పాసుపుస్తకంలో మడిచి పెట్టిన టీకా కార్డు తెచ్చి కార్యదర్శి చేతిలో పెట్టింది. ఏడు నెలల క్రితమే టీకా పడి ఉంది. ‘కర్రలు కింద పెట్టండి బాబూ, డాక్టరుగారికి ఫోను చేద్దాం’ అన్నాడు కార్యదర్శి. నాలుగో రోజుకు ఆ కుక్క తనంత తాను నీళ్లు తాగింది. నెల తిరిగేసరికి తల కాస్త వంకరగానే ఉన్నా, యథాప్రకారం కేంద్రం దాకా నడిచి వస్తోంది.

4. కారణాలు ఏమిటి

ముసలి కుక్కల్లో ఎక్కువసార్లు ఏ కారణమూ దొరకదు. చెవిలో చీము ఉండదు, దెబ్బ ఉండదు. ఊరక వస్తుంది, మెల్లగా పోతుంది. డాక్టర్లు దీన్ని ‘ముసలి కుక్క తూకపు జబ్బు’ అనే అర్థంలో పిలుస్తారు. ఇది అంటువ్యాధి కాదు, మనిషికి గాని పశువుకు గాని సోకదు.

కారణం దొరికేవాటిలో మొదటిది చెవి పోటు. చెవి దుర్వాసన, చీము, గోక్కోవడం, తల విదిలించడం కొన్నాళ్లుగా ఉండి, తర్వాత తల వాలితే చీము లోపలి చెవికి పాకిందని అనుమానించాలి. ఆ పక్క పెదవి జారడం, కంటి రెప్ప వాలడం కూడా ఉండవచ్చు. దీనికి మందు వారాల తరబడి, తరచుగా ఆరు వారాలు లేక అంతకు మించి వాడవలసి ఉంటుంది. కుక్క లేచి నడిచింది గదా అని మధ్యలో మానితే జబ్బు తిరగబెడుతుంది.

రెండవది మన ఇళ్లలో మిగిలిపోయే మందులు. పొదుగు వాపుకు వాడగా మిగిలిన స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ వంటి మందులు చెవిలోని తూకపు రోమాలనే దెబ్బతీయగలవు. కర్ణభేరి చిల్లిపడిన చెవిలో పోస్తే మరీ ప్రమాదం. పశువులకు వేసే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ సంగతి కూడా ఇంతే. ఒక శాతం మందు 50 కిలోల బరువుకు 1 మి.లీ. చొప్పున పశువులకు ఇస్తారు. పది కిలోల కుక్కకు గోమార్లు పోతాయని కంటి అంచనాతో 2 మి.లీ. ఎక్కిస్తే, అది పశువు మోతాదుకు పది రెట్లు. కుక్క తూలుతుంది, వణుకుతుంది, చూపు పోతుంది, ప్రాణమే పోవచ్చు. కోలీ వంటి కొన్ని జాతులకు అంతకంటె చాలా తక్కువ మోతాదే విషం. గోమార్ల కోసం కొట్టంలో చల్లే మందు కుక్క నాకినా తూలుడు రావచ్చు. కాబట్టి డాక్టరు అడగక ముందే, గత వారంలో కొట్టంలో ఏ మందు వాడారో చెప్పాలి. సీసా ఉంటే వెంట తీసుకువెళ్లాలి.

మూడవది మెదడుకు సంబంధించినవి: తలకు దెబ్బ, మెదడులో రక్తప్రసారం ఆగడం, గడ్డ, చిన్న కుక్కల్లో డిస్టెంపర్ వ్యాధి. డిస్టెంపర్‌లో సాధారణంగా ముందుగా జ్వరం, కళ్ల పుసులు, ముక్కు చీమిడి, విరేచనాలు ఉంటాయి. దీనికి టీకా ఉంది. మెదడు జబ్బులో కోలుకోవడం కష్టతరం గనుక డాక్టరు చూపు తప్పనిసరి.

5. ఇంటి వద్ద సేవ

చెడిన చెవి బాగుపడినా పడకున్నా, కుక్క మాత్రం నడవడం నేర్చుకుంటుంది. ఎలాగంటే, ఒక లెక్క రాకపోతే మెదడు మిగతా రెండు లెక్కలతో ఖాతా సరిచేసుకుంటుంది. ఒకటి కళ్ల లెక్క, రెండవది కాళ్ల కింద నేల ఇచ్చే లెక్క. అందుచేత మన సేవ అంతా మూడు మాటల్లో ఉంది: వెలుతురు, జారని నేల, కొద్దికొద్దిగా నడక. చీకటి గదిలో కట్టేసి ఉంచితే ఈ మూడూ దానికి అందవు.

మొదటి రోజు. నూతి గట్టు, కుడితి తొట్టి, పేడ గుంట, గోబర్ గ్యాస్ తొట్టి, పశువుల కాళ్లు, పొయ్యి, వీటన్నిటికీ దూరంగా ఒక మూల ఏర్పాటు చేయండి. నేల మీద ఎండుగడ్డి మందంగా పరచి, పైన గోనెసంచులు ముడతలు లేకుండా వేసి అంచులు కుట్టండి. నాపరాయి, గచ్చు పనికిరావు, కాలు జారుతుంది. దొర్లకుండా ఇరుపక్కలా గడ్డి నింపిన సంచులు పెట్టండి. రాత్రి చిన్న దీపం ఉంచండి. దగ్గరకు వెళ్లేటప్పుడు ముందు నుంచి, పేరు పిలుస్తూ వెళ్లండి. తల తిరుగుతున్న కుక్క బెదిరితే నోరు వేస్తుంది, అది దాని తప్పు కాదు. వాంతులు ఎక్కువగా ఉంటే డాక్టరుగారు మందు ఇస్తారు, అవసరమైతే సెలైను ఎక్కిస్తారు. మొదటి రోజే చూపించడం అన్ని విధాలా మేలు. సంచార పశువైద్య వాహనం తిరిగే ప్రాంతాల్లో 1962 నంబరుకు ఫోను చేయవచ్చు.

రెండు, మూడు రోజులు. తిండి మానిందని నోట్లో పాలు పోయకూడదు. పక్కకు పడుకున్న కుక్క గొంతులో పోసినది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తుంది. కుక్కను బోర్లా కూర్చోబెట్టి, ముందరి కాళ్లు చాపించి, రొమ్ము కింద సంచి ఆనించి, తల ఎత్తి ఉండగా, బరువైన మట్టి మూకుడులో నీళ్లు మూతి దగ్గర పెట్టండి. గిన్నె ఎక్కడుందో అది సరిగా అందుకోలేదు, కాబట్టి మనమే పట్టుకోవాలి. మెత్తని మజ్జిగ అన్నం ఉసిరికాయంత ముద్దలుగా, రోజుకు నాలుగైదు సార్లు పెట్టండి. ఉల్లిపాయ తగిలిన కూర కలపవద్దు, అది కుక్కకు పడదు. లేవలేని కుక్కను మూడు నాలుగు గంటలకొకసారి పక్క మార్చాలి, లేకుంటే తుంటి దగ్గర పుండ్లు పడతాయి. తడిసిన సంచి వెంటనే మార్చి, తోలును తుడిచి ఆరనివ్వాలి. ఈగలు పుండు మీద వాలితే పురుగులు పడతాయని పశువులు పెంచేవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

నాలుగో రోజు నుండి వారం వరకు. సామాన్యంగా మొదట తగ్గేది కళ్లు కొట్టుకోవడం. తర్వాత వికారం తగ్గి తిండి మీద మనసు పోతుంది. ఇప్పుడు నడక మొదలుపెట్టాలి. పొడుగాటి తువ్వాలు గాని, మడిచిన గోనెపట్టా గాని పొట్ట కింద వేసి, రెండు కొసలూ వీపు మీదుగా పట్టుకొని, బరువు కొంచెం మాత్రమే మోస్తూ, గరుకు నేల మీద పది అడుగులు నడిపించండి. పూటకు రెండు సార్లు చాలు. పూర్తిగా ఎత్తుకొని తిప్పితే జాలి తీరుతుంది గాని మెదడుకు పాఠం రాదు. కాళ్లు నేలకు ఆనాలి. పడబోతే ఆపండి, తూలితే తూలనివ్వండి. మలమూత్రాలకు రోజూ ఒకే చోటికి తీసుకువెళ్లండి.

రెండు, మూడు వారాలు. పట్టా తీసేసి మెడతాడుతో నడిపించండి. మొదట తిన్నగా, తర్వాత మెల్లగా మలుపులు. మెట్లు, గట్లు చివరకు. చీకట్లో, గతుకుల నేల మీద ఇంకా తూలవచ్చు. కళ్ల లెక్క అందని చోట ఖాతా తప్పుతుందని దాని అర్థం. తల వాలుడు అన్నిటి కంటె ఆలస్యంగా తగ్గుతుంది. కొన్నింటికి కొంచెం వంకర జీవితాంతం మిగులుతుంది. దాని వల్ల బాధ లేదు, కాపలాకు అడ్డం లేదు. ఇదే జబ్బు మరోసారి రావచ్చు, వచ్చినా సేవ ఇదే.

6. చేయకూడనివి

• చెవిలో కిరోసిన్, వేడి నూనె, ఆకు పసరు, చల్లని నీళ్లు పోయరాదు. కర్ణభేరి చిల్లిపడి ఉంటే అదంతా నేరుగా రసమట్టంలోకే పోతుంది.
• తల మీద గాని మెడ మీద గాని వాత పెట్టరాదు. మూడో రోజు ఎలాగూ తగ్గే జబ్బు వాత వల్ల తగ్గిందని పేరు వస్తుంది, పుండు మాత్రం కుక్కకు మిగులుతుంది.
• మనుషుల నొప్పి బిళ్లలు, మిగిలిన పశువుల మందులు డాక్టరు చెప్పనిదే ఇవ్వరాదు. వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వల్ల ఈ ముసలి కుక్క జబ్బు త్వరగా తగ్గుతుందని రుజువు కాలేదు.
• వాలిన తలను చేత్తో బలవంతంగా తిన్నగా తిప్పరాదు.
• మొదటి మూడు రోజులు చూసి ‘ఇక లాభం లేదు’ అని తీర్పు చెప్పరాదు.

7. ఆలస్యం చేయకూడని గుర్తులు

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా అదే పూట పశువైద్యునికి చూపాలి: కనుగుడ్లు పక్కకు గాక పైకీ కిందికీ కొట్టుకోవడం, పిలిచినా మనిషిని గుర్తించకపోవడం, పాదం మడతపడి పైభాగం నేలకు రాచుకుంటున్నా తెలియకపోవడం, ఒక కాలో రెండు కాళ్లో చచ్చుబడడం, మూర్ఛలు, దవడ వేలాడడం, మింగలేకపోవడం, విషం లేక మందు తగిలిందన్న అనుమానం, రోజంతా నీరు ముట్టకపోవడం, మూడు రోజులు గడిచినా ఏ మాత్రం తేలిక పడకపోవడం. చిన్న వయసు కుక్కకు వస్తే ముసలి కుక్క జబ్బు అనుకొని వేచి ఉండరాదు.

8. కొట్టంలో మిగతా పశువుల సంగతి

పశువు తల వాల్చి గుండ్రంగా తిరిగితే పై పాఠాన్ని దానికి వర్తింపజేసుకొని మూడు రోజులు ఆగకూడదు. దూడలకు చెవిలో చీము వల్ల తల వాలవచ్చు. పాడైన పాతర గడ్డి మేసిన పశువులకు లిస్టీరియా అనే సూక్ష్మజీవి వల్ల మెదడు వాచి గుండ్రంగా తిరుగుడు రావచ్చు. పిచ్చి కుక్క కరిచిన గేదె కూడా తూలుతుంది, అరుస్తుంది, చొంగ కారుస్తుంది. దాని నోట్లో చెయ్యి పెట్టరాదు, దాని పాలు కేంద్రానికి తేరాదు. వీటన్నిటికీ వెంటనే డాక్టరు కావాలి.

గొర్రెలు, మేకలు కూడా ఉన్నవారు ఇంకొక సంగతి తెలుసుకోవాలి. కుక్క కడుపులోని ఒక రకం బద్దెపురుగు గుడ్లు మేత మీద పడి గొర్రె కడుపులోకి పోతే, మెదడులో నీటి బుడగ ఏర్పడి గొర్రె గిరగిర తిరుగుతుంది. ఆ గొర్రె తలను కుక్కకు వేస్తే పురుగు మళ్లీ కుక్క కడుపుకు చేరుతుంది. చచ్చిన గొర్రె తలను లోతుగా పాతిపెట్టడం, డాక్టరు చెప్పిన వ్యవధిలో కుక్కకు పురుగుల మందు తాగించడం ఈ చక్రాన్ని ఆపే మార్గాలు.

9. సంఘం చేయదగిన పని

ఒక్కొక్క సభ్యుని వల్ల కానిది సంఘం వల్ల సులువుగా అవుతుంది. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన బాలునికి మొదటిసారి టీకా మొదలుపెట్టిన రోజును ఏటా జూనోసిస్ దినంగా పాటిస్తారు. ఆ రోజున చాలా పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. సెప్టెంబరు 28 ప్రపంచ రేబిస్ దినం. ఈ రెండు తేదీలూ సంఘం నోటీసు బోర్డు మీద ముందుగా రాయించండి. సభ్యుల కుక్కలకు ఒక చిన్న పుస్తకం పెట్టి, ఇంటి పేరు, కుక్క రంగు, టీకా తేదీ అనే మూడు గళ్లు గీయండి. ఖర్చు ఒక నోటు పుస్తకం. కుక్క పడిపోయిన రోజున కర్రలు కావాలో, డాక్టరు కావాలో తేల్చేది ఆ పుస్తకమే.

చర్చకు ప్రశ్నలు

నెలవారీ సమావేశంలో కార్యదర్శిగారు ఈ పాఠం చదివి వినిపించి, కింది ప్రశ్నలు సభ్యులను అడగగలరు.

1. పక్షవాతానికి, చెవి తూకపు జబ్బుకు కాళ్లలో కనిపించే తేడా ఏమిటి?
2. కుక్క తల కుడికి వాలితే సాధారణంగా చెడినది ఏ చెవి?
3. టీకా లేని కుక్క తూలుతూ చొంగ కారుస్తుంటే మొదట చేయవలసినది ఏమిటి?
4. పడుకున్న కుక్క నోట్లో పాలు ఎందుకు పోయకూడదు?
5. కోలుకునే కుక్కను చీకట్లో ఉంచకూడదు, ఎత్తుకొని తిప్పకూడదు. ఎందుచేత?
6. మీ కొట్టం గూట్లో ఇప్పుడు మిగిలి ఉన్న మందు సీసాలు ఏవి? వాటి గడువు తేదీలు చూశారా?

ఆరో ప్రశ్నకు జవాబు ఈ పాఠంలో లేదు. ఈ సాయంత్రం పాలు పోసి ఇంటికి వెళ్లిన తర్వాత ఎవరి గూడు వారు చూసుకొని, వచ్చే సమావేశంలో చెప్పగలరు.